నేను నేర్పని జపాను అంకెలు

ఈ మధ్య జపాన్ టూరుకు వెళ్ళేవాళ్ళు ఎక్కువయ్యారు. చెర్రీపూలు చూడ్డానికట. బయలుదేరే ముందు ఎవరో ఒకరు నాకు ఫోన్ చేస్తారు. "మీరు అక్కడ పనిచేశారట కదండీ, నాలుగు ముక్కలు నేర్పండి, పని గడవడానికి" అంటారు. నేర్పుతాను, దానికేం భాగ్యం. ఎవరినైనా ఆపి అడగాలంటే సుమిమాసెన్. థాంక్స్ చెప్పాలంటే అరిగాతో గొజైమస్. ఫలానాది ఎక్కడ అని అడగాలంటే దొకో దెస్ క. నీళ్ళు కావాలంటే మిజు కుదసాయ్. మేం మాంసం, చేపలు తినం అని చెప్పుకునే వాక్యం మాత్రం కాగితం మీద రాయించుకుని పట్టుకెళ్ళండి, నోటితో చెప్తే చేపనీళ్ళలో ఉడికించిన కూరగాయలు తెచ్చి పెడతారు అంటాను. అందరూ నవ్వుతారు. ఆ తర్వాత ఎవరో ఒక తెలివైనవాళ్ళు అడుగుతారు, "మరి అంకెలో? ఒకటి, రెండు, మూడు?" అని.

అవి నాకు రావంటాను. అంతకాలం వాళ్ళ మధ్య ఉద్యోగం వెలగబెట్టిన మనిషికి అంకెలు రాకపోవడమేమిటని అనుకుంటారు. అనుకోనీ. వేళ్ళు చూపించండి, క్యాలిక్యులేటర్ నొక్కి చూపించండి, కొట్లో వాళ్ళే అర్థం చేసుకుంటారు అని చెప్పి ఫోన్ పెట్టేస్తాను.

అంకెలు నాకు వచ్చు. నోరు తిరగక కాదు, నేర్పబుద్ధి కాక.

అప్పట్లో సింగపూర్‌లో ఉండేదాన్ని. వైటూకే భయం తీరిపోయింది, కంప్యూటర్ వచ్చిన ప్రతివాడికీ ఏదో ఒక దేశం విమానం టికెట్టు పంపించే రోజులు. మా ఆఫీసు సైన్స్ పార్క్‌లో. ఒసాకాలో ఒక ఫ్యాక్టరీ ప్రాజెక్టు మా కంపెనీకి తగిలింది. వెళ్ళబోయే జట్టులో నా పేరూ వేశారు. వెళ్ళేలోగా ప్రయాణికులకు సరిపడా జపనీస్ నేర్చుకోవాలని మధ్యాహ్నం భోజనాల వేళ క్లాసు పెట్టారు. పాఠం చెప్పడానికి ఒక జపాన్ ఆవిడ వచ్చేది. తల సగం నెరిసినావిడ, గొంతు పెంచడం తెలియని మనిషి. మేం డబ్బాల్లో అన్నం కెలుక్కుంటూ ఆవిడ వెనకే వల్లె వేసేవాళ్ళం. ఆవిడ రాసిచ్చిన మాటలు ఒక క్యాసెట్‌లో కూడా ఉండేవి.

నేను అద్దెకున్నది టోవా పాయోలో, ఒక ముసలి దంపతుల ఫ్లాట్‌లో ఒక గది. తెలుగువాళ్ళే, కానీ వాళ్ళది నా తెలుగు కాదు. నాది తెనాలి. వాళ్ళ పెద్దలు శ్రీకాకుళం వైపు నుంచి మలయాలో కొబ్బరి తోటల్లో కూలికి వచ్చినవాళ్ళు. ఈ ఇద్దరూ ఆ తోటల్లోనే పుట్టారు. పెళ్ళయ్యాక సింగపూర్ వచ్చి, ఆయన హార్బర్‌లో పనిచేసి రిటైరయ్యాడు. ఇద్దరూ ఇండియా మొహం చూసినవాళ్ళు కారు. అయినా ఆ 'ఏటి', ఆ 'నాను' నోట్లోంచి పోలేదు. మధ్యలో అరవం, మలయా వాళ్ళ మలై భాష కలిసేవి. నేను ఆఫీసు నుంచి రాగానే ఆంటీ వంటింటి గుమ్మంలో నిలబడి, "మకాన్ అయిపోనాదేటమ్మా?" అని అడిగేది. మకాన్ అంటే మలైలో తిండి. మొదట్లో నవ్వొచ్చేది. పోనుపోను ఆ మాట వినబడని రోజు తిన్నా తిన్నట్టుండేది కాదు. వాళ్ళకు పిల్లలు లేరు. ఆవిడకు ఆయన, ఆయనకు ఆవిడ, అంతే.

అంకుల్ మాటకారి కాదు. పొద్దున పేపరులో బొమ్మలు చూసేవాడు, సాయంత్రం కుండీల్లో కరివేపాకు మొక్కకు నీళ్ళు పోసేవాడు. నేను గదిలో క్యాసెట్ పెట్టుకుని సుమిమాసెన్, సుమిమాసెన్ అని మొదలెట్టగానే చెప్పులేసుకుని లిఫ్టు వైపు వెళ్ళిపోయేవాడు. కింద బ్లాకు అడుగున సిమెంటు బల్ల మీద కూర్చునేవాడు, నా పాఠం అయ్యేదాకా. నా గొంతు అంత కర్ణకఠోరంగా ఉందా అని నాకు ఒళ్ళు మండేది. ఒకరోజు ఉండబట్టలేక ఆంటీనే అడిగాను.

"నీ గొంతుకేటమ్మా, బంగారం" అంది ఆవిడ. "ఆ బాస ఆయనకి పడదు. జపానోడి కాలంలో సియాం రైలు పనికి అట్టుకుపోనారు కదా, అయ్యనీ ఈయన్నీ."

రెండో ప్రపంచయుద్ధంలో మలయా తోటల కూలీలను లారీల్లో ఎక్కించి సియాం, అదే ఇప్పటి థాయ్‌లాండ్ అడవుల్లో రైలుదారి వేయడానికి తోలుకుపోయారని అప్పుడే మొదటిసారి విన్నాను. మా బడిలో ఈ పాఠం లేదు. పోయినవాళ్ళు చాలామంది తిరిగి రాలేదని, ఆయన వచ్చాడని, ఆయన అయ్య రాలేదని అంతవరకే చెప్పి ఆంటీ ఉల్లిపాయలు కోసుకోవడంలో పడిపోయింది. మర్నాడు హెడ్‌ఫోన్లు కొనుక్కున్నాను. ఆ తర్వాత ఆయన కిందికి వెళ్ళడం మానేశాడు. అంతటితో ఆ సంగతి తీరిందనుకున్నాను.

ఆ ఏడు పెద్దల అమావాస్యకు నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. ఆంటీ అరిటాకు వేసి, మామగారి పేరు మీద అన్నం, పప్పు, ఎండుచేపల పులుసు వడ్డించింది. అన్నం మాత్రం అంకుల్ తన చేత్తో వేశాడు, కుప్పగా, ఆకు నిండా. దండం పెట్టుకున్నాడు. లేచి బయటకు వెళ్ళిపోయాడు, పొద్దు గూకేదాకా రాలేదు, వచ్చాక కూడా ఏమీ తినలేదు. మన వైపు పెద్దల ముద్ద కాకికి పెడతారు. అక్కడ పక్షులకు మెతుకు విదిల్చినా ఫైను. ఆంటీ ఆకు మడిచి సంచిలో పెట్టుకుని, ఎవరూ చూడకుండా పార్కు గట్టున పెట్టొచ్చింది. పెద్దలకు పెట్టినదాంట్లో మిగిలింది ఇంటివాళ్ళు తినాలి కదా, ఆయనెందుకు తినలేదంటే, "ఆయనకి అలవాటు నేదు" అంది. అదేం అలవాటని నాలో నేనే గొణుక్కున్నాను.

ఒకరోజు పొద్దున్నే అంకుల్ బాత్రూమ్‌లో పడిపోయాడు. కుడిపక్క చచ్చుబడింది. మాట పడిపోయింది. అంబులెన్స్‌లో ఆంటీతో నేనే వెళ్ళాను. నా క్యాసెట్ వినీ వినీ పాత భయాలు రేగి పక్షవాతం వచ్చిందని ఆఫీసులో ఒకావిడ సిద్ధాంతం చేసింది. బీపీ మాత్రలు మానేసి ఎండుచేపలు తినేవాళ్ళకు పక్షవాతం రావడానికి క్యాసెట్టే కావాలా అని అడిగాను. ఆవిడ మళ్ళీ నాతో మాట్లాడలేదు, నాకూ బెంగలేదు.

ఆయనకు తెలుగు పోయింది. అరవం పోయింది, మలై పోయింది. ఆంటీని గుర్తుపట్టేవాడు, కళ్ళు ఆవిడ వెంట తిరిగేవి, కానీ నోరు తెరిస్తే గాలే. అదొక ఎత్తు. తినకపోవడం ఒక ఎత్తు. గంజి చెంచా దగ్గరికి రాగానే పళ్ళు బిగించేవాడు. మింగగలడని డాక్టరమ్మ పరీక్ష చేసి చెప్పింది, కానీ మింగడు. ముక్కులోంచి గొట్టం వేశారు. ఎడమచేత్తో పీకేశాడు. మళ్ళీ వేసి, ఎడమచేతికి సంచిలాంటి తొడుగు తొడిగి మంచానికి కట్టేశారు. చెయ్యి కదపలేక ఆయన మంచాన్నే ఊపేవాడు. వార్డులో ఫిలిప్పీన్స్ సిస్టర్ ఒకావిడ ఉండేది, మంచిదే. ఆవిడే గొట్టం తీయించి, నాలుగురోజులు చూద్దాం అంది. నోటితో తింటే ఇంటికి పంపిస్తాం, తినకపోతే గొట్టం తప్పదు, చెయ్యి కట్టక తప్పదు, అలాంటి మనిషిని ఇంట్లో చూసుకోలేరు, ముసలివాళ్ళ హోముకు పంపించాలి అంది.

అది నేను తెలుగులో చెప్పగానే ఆంటీ నా చెయ్యి పట్టుకుంది. "కట్టేసి పెట్టడానికి ఆయనేటి, పసరమా? నాకు గొట్టం ఒద్దు, ఓమొద్దు. నా సేత్తో నాలుగు ముద్దలు తినాల, ఇంటికి తోలుకుపోవాల. ఇంకేటీ అక్కర్నేదు నాకు" అంది. ఆవిడకు సింగపూర్‌లో ఇంగ్లీషు వచ్చిన దిక్కు నేనే.

ఆ సాయంత్రం ఆఫీసు నుంచి తిన్నగా ఆసుపత్రికి వెళ్ళాను. భోజనాల బండి చప్పుడు చేసుకుంటూ వార్డులోకి వచ్చింది. ఆ చప్పుడు వినగానే అంకుల్ మెడ నిక్కించాడు. "రొకు" అని అరిచాడు, బొంగురుగా, పెద్దమనిషి గొంతుతో. ఒక క్షణం ఆగి, "షిచి" అన్నాడు. ఈసారి గొంతు సన్నగా, లేతగా ఉంది. డెబ్భై దాటిన మనిషి నోట్లోంచి పసివాడి గొంతు. ప్రతి పూటా భోజనం వచ్చినప్పుడు ఇదే చేస్తున్నాడని సిస్టర్ చెప్పింది. అరవం అనుకుని అరవ ఆయాను పిలిస్తే మా భాష కాదందట. ఆంటీ కూడా తల అడ్డంగా ఊపింది, ఆ కాలానికి ఆవిడ చంకలో పిల్ల.

ఆ వారమే మాకు క్లాసులో అంకెలు చెప్పారు, కొట్లో ధర అడగడానికి.

"ఆంటీ, అవి అంకెలు. జపాన్ అంకెలు. ఆరు, ఏడు" అన్నాను.

ఆంటీ మంచం కమ్మీ పట్టుకుంది. ఆయన పళ్ళెం చూశాడు, పళ్ళు బిగించాడు. ఆ పూట కూడా తినలేదు. పళ్ళెం తీసుకుపోయాక ఆవిడ నన్ను వరండాలోకి లాక్కెళ్ళి బెంచీ మీద కూర్చోబెట్టింది.

"మా పెళ్ళయిన ఏడు, పెద్దల అమాసకి, దండం పెట్టి లేసిపోతుంటే సెయ్యట్టుకుని కూకోబెట్టినాను. పెద్దల అన్నం తినకపోతే ఎలాగ అన్నాను. అప్పుడు సెప్పినాడు. ఒక్కపాలే. మల్లీ ఆయన సెప్పనేదు, నాను అడగనేదు. అడివిలో పాకంట. ఎదురుబద్దల అరుగు మీద వొరసగా పడుకోడం. పొద్దుగూకి కూడొచ్చే ముందు జపానోడు గుమ్మంలో నిలబడతాడంట. ఒకడి తరవాత ఒకడు ఆడి బాసలో అంకె అరవాల. ఎన్ని అరుపులయితే అన్ని గరిటెలు. అరవనోడికి నేదు. అయ్యది ఆరు. ఈయనది ఏడు. మీసమైనా రానేదు ఈయనకి అప్పటికి. అయ్యకి ఇరేసనాలు అట్టుకుని గొంతు నేవడం మానేసినాది. ఈయనే ఆరు అని అయ్య గొంతుతో అరిసి, మల్లీ ఏడు అని తన గొంతుతో అరిసీవోడంట. రెండు గరిటెలొచ్చీవి. ముందు అయ్యకి తినిపించి, అయ్య మింగినాక తను తినీవోడు."

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. ఏడవడం లేదు, చెమట.

"ఒకరోజు పనికెల్లొచ్చి సూస్తే అయ్య బిగుసుకుపోయి ఉన్నాడు. కూడు టయిం అయిపోనాది. జపానోడు గుమ్మంలో ఉన్నాడు. ఆరు అని అరిసినాడమ్మా. అయ్య మీద గోనె కప్పి, పక్కనే కూకుని, రెండు గరిటెలూ తినేసినాడు. తెల్లారి అయ్యని ఈడ్సుకుపోయి ఎక్కడ పడేసినారో తెల్దు. క్రాంజీ సమాదుల కాడ సిపాయిల పేర్లు గోడల మీద సెక్కినారు కదా, ఒకపాలి తోలుకెల్లినాను ఈయన్ని. కూలోడి పేరు ఎవులు రాస్తారు. మావగారికి మిగిలినది ఆ అంకె ఒకటే."

శవం లేచేదాకా మనం పొయ్యి వెలిగించం, పక్కింటివాళ్ళు కూడా పచ్చి మంచినీళ్ళు ముట్టరు. అలాంటి ఇళ్ళల్లో పుట్టినవాళ్ళం. ఆ కుర్రాడు అయ్య శవం పక్కన అయ్య వాటా తిన్నాడు, ఆ ముద్ద ఇన్నేళ్ళూ గొంతులోనే పెట్టుకుని బతికాడు. ఏడాదికొకసారి అయ్యకు ఆకు నిండా అన్నం పోసి, తను ఒక్క మెతుకు ముట్టకుండా వీధిలో తిరిగాడు. జాలి కన్నా ముందు నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. ఆ గుమ్మంలో నిలబడ్డవాడు ఎదురుగా ఉంటే పీక పిసికేసేదాన్ని.

మర్నాడు క్లాసయ్యాక జపాన్ టీచరును ఆపాను. దయచేసి తినండి అనడం మీ భాషలో మర్యాదగా ఎలాగో నేర్పమన్నాను. ఎవరికని అడిగింది. చెప్పాను. ఎంత వయసని అడిగింది. అదీ చెప్పాను. ఆవిడ బల్ల మీద సుద్దపొడి తుడిచింది. "ఆయనతో ఈ భాష మాట్లాడకండి. ఎంత మెత్తగా అయినా సరే, వద్దు" అంది ఇంగ్లీషులో. తర్వాత నాకు వంగి దండం పెట్టింది. నాది ఆవిడ వయసులో సగం, నాకెందుకు పెట్టిందో తెలియక నేనూ వంగాను.

రెండు అంకెలు అరిచినవాడికి ఒక పళ్ళెం వస్తోంది. అదీ సంగతి. ఆయన తిననిది అందుకేనని నాకు తట్టింది. రెండో పళ్ళెం కావాలని సిస్టర్‌ను అడిగితే, ఒక మంచానికి ఒక ట్రే, కిచెన్ రూలంది. రూలుకు పక్షవాతం రాలేదు కదమ్మా, కాస్త పక్కకు జరపండి అన్నాను. ఆవిడ నవ్వింది గానీ ట్రే రాలేదు. కింద కాఫీషాపులో గంజి కొనుక్కుని, ఇంటినుంచి తెచ్చిన పళ్ళెంలో పోసి పట్టుకొచ్చాను.

రెండు పళ్ళాలూ మంచం బల్ల మీద పెట్టాం. ఆయన "రొకు" అన్నాడు, "షిచి" అన్నాడు. రెంటినీ చూశాడు. మొహంలో ఏదో బిగి సడలింది. ఆంటీ చెంచా ఎత్తింది. పళ్ళు బిగించాడు. చూపు మాత్రం రెండో పళ్ళెం మీదే ఉంది. ఎదురుచూస్తున్నాడు.

"అయ్య తినాల ముందు" అంది ఆంటీ మెల్లగా. "అయ్య మింగినాకే తను తినీవోడని సెప్పినాను కదా."

"అయితే నేను తింటాను" అని కుర్చీలో కూర్చుని రెండు చెంచాలు తిన్నాను. ఆయన మొహం తిప్పేసుకున్నాడు. నేనెవరిని, గది అద్దెకు తీసుకున్నదాన్ని.

"మీరు తినండి ఆంటీ."

ఆవిడ వెనక్కి జరిగింది. "నానా? మావగారి కూడు నానెలా తింతాను? ఈయన తినకుండా ఈయన ఎదురుగా ఒక్కనాడు ముద్ద ఎత్తనేదు నాను. కాపరానికొచ్చిన కాడినుంచి ఒక్కనాడు."

"అలాగే కూర్చోండి. రేపు ముక్కులో గొట్టం పెడతారు, చెయ్యి కట్టేస్తారు, మీ మర్యాద అప్పుడు పళ్ళెంలో పెట్టి ఇవ్వండి ఆయనకు" అన్నాను. పెద్దావిడతో అలా మాట్లాడకూడదు. కానీ మెత్తగా చెప్తే ఆవిడ కదిలే రకం కాదు.

ఆవిడ నావైపు ఒక చూపు చూసింది. కొంగు తల మీదికి లాక్కుంది, మామగారి ఎదట నిలబడ్డ కోడలిలా. కుర్చీలో కూర్చుని ఆ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుంది. చెంచా పక్కన పడేసి చేత్తో తిన్నది. ఒక్కొక్క ముద్దకు ఆయన గొంతు కూడా కదిలింది. చివరి ముద్ద ఆవిడ మింగేదాకా ఆయన కన్నార్పలేదు. మింగాక, చేతులు కడుక్కుని వచ్చి, ఆయన గంజి చెంచాతో ఎత్తింది. ఆయన నోరు తెరిచాడు.

సగం పళ్ళెం తిన్నాడు ఆ పూట. సిస్టర్ వచ్చి చూసి, రాసుకుని, నా భుజం తట్టింది. ఆంటీ మాత్రం కొంగు తల మీంచి తీయకుండా అలాగే కూర్చుంది.

ఆ తర్వాత అన్ని పూటలూ అంతే. పొద్దున, మధ్యాహ్నం రెండో గంజి ఆంటీయే కొనుక్కునేది, సాయంత్రం నేను వెళ్ళి కొని ఇచ్చేదాన్ని. చక్కెర జబ్బు మనిషి ఆవిడ, పూట పూటా అంత గంజి తింటే ఒంటికి మంచిది కాదు. ఆ మాటంటే, "నా సక్కెర గోల నీకెందుకు, ఆయన తిన్నాడా నేదా" అనేది. నేను తొందరగా ఆఫీసు వదులుతున్నానని మా మేనేజరు పిలిచాడు. మనవాడే, విజయవాడ. "ఇంటి ఓనరుకు బాగాలేకపోతే నువ్వెందుకు పరిగెత్తడం? ఆయన నీకేమవుతాడు?" అన్నాడు. ఏమవుతాడో తేలాక సెలవు చీటీలో రాసిస్తానన్నాను. ఒసాకా జట్టులోంచి తీసేస్తాడేమో అనుకున్నాను, తీయలేదు. మనిషి దొరకని రోజులు అవి.

గొట్టం మాట ఎవరూ ఎత్తలేదు. ఇంటికి పంపిస్తాం, ఇంకో రెండు రోజులు ఆగండి అన్నారు. ఆంటీ గది సర్దింది. ఆయన మంచం కిటికీ పక్కకు నేనూ ఆవిడా కలిసి జరిపాం. ఆవిడ ఆ రోజుల్లో ఒకసారి నవ్వింది కూడా, కరివేపాకు మొక్కకు నేను పోసిన నీళ్ళు కింది ఫ్లాటువాళ్ళ బట్టల మీద పడి వాళ్ళు పైకొచ్చి నన్ను తిట్టినప్పుడు.

ఆ రెండు రోజుల్లోనే ఒక సాయంత్రం బండి వచ్చింది. ఆయన మెడ నిక్కించాడు. "రొకు" అన్నాడు, ఆ బొంగురు గొంతుతో.

మేం రెండోదాని కోసం ఆగాం. రాలేదు.

ఆంటీ కొంగు కప్పుకుని కుర్చీలో కూర్చుంది. అయ్య పళ్ళెం తిన్నది. ఆయన చూశాడు. ఎప్పటిలా బిగుసుకుని కాదు, తలగడ మీదికి వాలిపోయి, తీరిగ్గా చూశాడు. ఆవిడ చేతులు కడుక్కొచ్చి ఆయన గంజి ఎత్తింది. నోరు తెరవలేదు. పళ్ళు కూడా బిగించలేదు. చెంచా పెదాల దగ్గరే ఉండిపోయింది.

"మరి నీదేదీ?" అంది ఆంటీ. "ఏడేదీ? సెప్పు. నీదీ సెప్పు."

ఆయన ఎడమచేత్తో ఆవిడ మణికట్టు పట్టుకుని చెంచాను మెల్లగా పక్కకు జరిపాడు. విదిలించలేదు. అరవనివాడికి గరిటె లేదు. నాకు అర్థమైంది. ఆవిడకు అర్థమైందో లేదో నేను అడగలేదు, అడిగే ధైర్యం లేదు.

తెల్లారుతూనే సిస్టర్ ఫోన్ చేసింది. ఆంటీని టాక్సీలో తీసుకెళ్ళాను. మంచం చుట్టూ తెర లాగేసి ఉంది. నిద్రలోనే పోయాడట. కళ్ళు మూసే ఉన్నాయి, దుప్పటి గుండెలదాకా కప్పారు. ఆంటీ ఏడవలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని, ఆయన చెయ్యి దుప్పటి కిందికి సర్దింది. డాక్టరు వచ్చి సంతకాలు చేయించుకుని వెళ్ళింది. తీసుకెళ్ళేవాళ్ళు రావడానికి కాస్త టైం పడుతుందన్నారు.

అంతలో బండి చప్పుడు. కిచెన్‌కు ఇంకా కబురు వెళ్ళలేదు. తెర సందులోంచి ఎవరో చెయ్యి పెట్టి మంచం బల్ల మీద ట్రే పెట్టేసి వెళ్ళిపోయారు. మూతకింద గంజి, పొగలు కక్కుతోంది. సిస్టర్ నాలుక కరుచుకుంటూ లోపలికొచ్చి, సారీ ఆంటీ, సారీ అంటూ ట్రే తీయబోయింది.

ఆంటీ ట్రేను తనవైపు లాక్కుంది. మూత తీసింది. కొంగు కప్పుకోలేదు. ఆయన పక్కనే కూర్చుని చేత్తో కలిపి ముద్ద నోట్లో పెట్టుకుంది.

నాకు ముందు కోపమే వచ్చింది. వెళ్ళి ఆవిడ మణికట్టు పట్టుకున్నాను. "ఆంటీ, ఏం పనిది? ఆయన ఇంకా ఇక్కడే ఉన్నాడు. ఎలా తినబుద్ధవుతోంది మీకు?" అన్నాను.

"ఆకలేస్తోంది పిల్లా" అంది. నమిలి మింగి, నావైపు కాకుండా ఆయన మొహంవైపు తిరిగింది. "ఆకలేస్తాది. పక్కన మనిసి పోయినా ఆకలేస్తాది. అంతే కదయ్యా. దీంట్లో తప్పేటుంది. పెళ్ళయిన ఏడే సెప్పాల్సింది ఈ మాట నీకు. నాకు తోసనేదు."

నేను చెయ్యి వదిలేశాను. సిస్టర్ తెర దగ్గరగా లాగి బయట నిలబడింది. ఆంటీ ఆ గంజంతా తిన్నది, గిన్నె అడుగున అంటుకున్నది కూడా వేలితో గీకి తిన్నది.